ఆటగానికిని క్లబ్బునకును నడుమ నిలుచువాడు

మన జిల్లాల పశువుల సంతలలో ఎద్దుల బేరము చూడనివారు మనలో అరుదు. అమ్మువాడొక ప్రక్కను కొనువాడొక ప్రక్కను నిలుచుండగా దళారి నడుమకు వచ్చి, తువాలు క్రింద ఇరువురి వ్రేళ్ళను వేరువేరుగ పట్టుకొని, నోట మాట లేకయే ధర తెగగొట్టును. చుట్టు నిలిచిన పదిమందికి ఆ ధర తెలియదు. కొన్నవాడిచ్చిన సొమ్మంతయు అమ్మినవాని చేతికి చేరినదో, నడుమ నెక్కడనైన నిలిచినదో కూడ తెలియదు. అంతయు తెలిసినవాడు దళారి యొక్కడే. ఎద్దు నోరులేని జీవము గనుక తన వెల యెంత పలికెనని అడుగదు.

మనుష్యునికే యిట్టి బేరము జరిగినచో నేమగును? సాయంకాలమున మన బడి మైదానమున మీరు దుమ్ము రేపుచు ఆడుకొను ఫుట్‌బాల్ ఆట లోకమున నొక గొప్ప వర్తకమైనది. ఆ వర్తకమున ధనికులైన క్లబ్బులు ఆటగాండ్రను వెలయిచ్చి తెచ్చుకొనును. ఆ వెల నిర్ణయించుటలో ఏజెంటు అనువాడు నడుమ నిలుచుచున్నాడు. అతడెవరు, అతనికి అంత బలమెట్లు కలిగెను, మన బిడ్డలకు అతని వలన లాభమెంత, భయమెంత అను సంగతులను ఈ వ్యాసమున వివరింపదలచితిని.

ఇది మనకు దూరపు సంగతి కాదు. కొంతకాలము క్రిందట మన విద్యార్థి యొకని తండ్రి నా యొద్దకు ఒక కాగితము తెచ్చెను. ఆ బాలుడు చక్కగ ఆడువాడు. అతనిని ఒక గొప్ప క్లబ్బువారి పరీక్షకు ఎన్నుకొంటిమనియు, ప్రయాణపు ఖర్చులకును నమోదునకును అరువది వేల రూపాయలు ముందుగ పంపవలెననియు అందు వ్రాసియుండెను. కాగితపు తలకట్టు అందముగ నుండెను. అడుగున ముద్రయు నుండెను. నిజము చెప్పవలెనన్న, ఆ ముద్రను చూచి నేనును సంతసించి, మరునాటి ప్రార్థనకూటమున బాలుని పేరు ప్రకటింపవలెనని తలచితిని. ఆ తండ్రి ప్రత్తి అమ్మిన సొమ్ము చాలక, తక్కినదానికి వడ్డీకి అప్పు మాటాడుకొని వచ్చియుండెను. ఆ సంగతి విన్న తరువాతనే నాకు మెలకువ కలిగెను. ఆ కథ యెట్లు ముగిసెనో చివర చెప్పెదను. ముందుగ అసలు వ్యవహారము తెలిసికొందము.

ఆటగానికి వెల యేల?

జీతమిచ్చి ఆటగాండ్రను పోషించు పద్ధతి ఇంగ్లండులో పుట్టెను. ఒక క్లబ్బులో పేరు నమోదైన ఆటగాడు, ఆ క్లబ్బు అనుమతి లేనిదే వేరొక క్లబ్బునకు పోరాదని అచ్చటివారు 19వ శతాబ్దపు చివర నియమము చేసికొనిరి. అనుమతి కావలసి వచ్చినప్పుడు అనుమతికి వెల యేర్పడుట సహజము. అదియే ట్రాన్స్‌ఫరు రుసుము. 1905లో ఆల్ఫ్ కామన్ అను ఆటగాని కొరకు మిడిల్స్‌బరో క్లబ్బు 1,000 పౌనులిచ్చినప్పుడు, మనుష్యునికి ఇంత వెలయా యని జనులు ముక్కుపై వ్రేలు వేసికొనిరి. 2017లో బ్రెజిల్ దేశీయుడైన నేమార్ కొరకు పారిస్ క్లబ్బు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించెను.

ఇచట నొక సంగతి గమనింపవలెను. ఆ వెల ఆటగానికి పోవునది కాదు. అతనిని విడిచిపెట్టు క్లబ్బునకు పోవునది. పూర్వము ఆటగానికి దక్కినది స్వల్పము. ఇంగ్లండులో 1961 వరకు వారమునకు 20 పౌనులకు మించి ఏ ఆటగానికిని జీతమీయరాదను కట్టడి యుండెను. కరారు ముగిసిన తరువాత కూడ క్లబ్బు అతనిని పోనీయక పట్టియుంచగలిగెడిది. 1963లో జార్జి ఈస్ట్‌హామ్ అను ఆటగాడు న్యాయస్థానమున పోరాడి, అట్లు పట్టియుంచుట అన్యాయమని తీర్పు పొందెను. 1995 డిసెంబరు 15వ తేదీన ఐరోపా న్యాయస్థానము, బెల్జియము దేశపు ఆటగాడైన బోస్మాన్ వ్యాజ్యమున, కరారు ముగిసిన ఆటగాడు ఐరోపా సమాజ దేశములలో ఏ వెలయు లేకుండ వేరొక క్లబ్బునకు పోవచ్చునని తీర్పు చెప్పెను.

ఈ తీర్పులతో ఆటగానికి స్వేచ్ఛ వచ్చెను. కాని స్వేచ్ఛ వచ్చినవానికి బేరము చేయుట కూడ రావలెను గదా. పదునెనిమిది, ఇరువది యేండ్ల యువకుడు, చదువు అంతంతమాత్రమైనవాడు, లెక్కలలోను చట్టములోను ఆరితేరిన క్లబ్బు అధికారుల యెదుట కూర్చుండి తన జీతము తానే మాటాడుకొనలేడు. అతని పక్షమున మాటాడుటకై ఏజెంటు వచ్చెను. కావున ఏజెంటు పుట్టుకయే దుష్టమైనది కాదు. బలహీనుని పక్షమున వకీలు నిలిచినట్లు అతడు నిలిచెను. ఈ సంగతి మరచి అతనిని నిందించుట న్యాయము కాదు.

హైదరాబాదు నుండి కలకత్తాకు

మన ప్రాంతమున ఈ కథ మరియొక విధముగ నడచెను. హైదరాబాదు ఫుట్‌బాల్ ఒకప్పుడు భారతదేశమునకే తలమానికముగ నుండెను. దానికి మూలపురుషుడు మనవంటి బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, పాఠశాలలలో ఉపాధ్యాయులై, 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియైరి. వారు తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచెను. 1950లోను 1954లోను డ్యూరాండ్ కప్పును కూడ తెచ్చెను. వారి శిక్షణయందు భారత జట్టు 1951లో ఢిల్లీలోను 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకములు పొందెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందెను. రహీమ్ గారు 1963 జూన్ నెలలో కాలధర్మము నొందిరి.

పోలీసు జట్టున ఆటగానికి దొరకినది నౌకరీ. నెలజీతము, చివరకు పింఛను, ఊరిలో గౌరవము. కలకత్తాలో దొరకినది వేరు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగు అను మూడు పెద్ద క్లబ్బులకు వేలకొలది అభిమానులు, ధనవంతులైన పోషకులు ఉండిరి. వారు తమ నగరపు ఆటగాండ్రతో తృప్తిపడక దక్షిణదేశమునకు మనుష్యులను పంపి మంచి ఆటగాండ్రను వెదకి తెప్పించుచుండిరి. ఈ పనిలో ఈస్ట్ బెంగాల్ కార్యనిర్వాహకులైన జ్యోతిష్ చంద్ర గుహ గారు ప్రసిద్ధులు. పంచపాండవులని పేరొందిన ఆ క్లబ్బు ముందువరుస ఆటగాండ్రు వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమ్మద్ ఖాన్, సాలే అను అయిదుగురును దక్షిణాదివారే. వారు కలిసి ఆడిన 1949లో ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగును, ఐ.ఎఫ్.ఏ. షీల్డును, రోవర్స్ కప్పును ఒక్క సంవత్సరముననే గెలిచెను.

తరువాత సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ చేరి, 1961లో దానికి నాయకుడాయెను. 1966లో నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ అను హైదరాబాదు యువకులు అచ్చటికే పోయిరి. హబీబ్ తన జీవితమున మూడు పెద్ద క్లబ్బులకును మారి మారి ఆడెను. ఉద్యోగములు వచ్చినను వలదని, ఆటయే వృత్తిగ బ్రదికినవాడని అతనికి పేరు. 1977లో పెలే ఆడిన న్యూయార్కు కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ రెండేసి గోలులతో సమానముగ ముగించినప్పుడు, అందొక గోలు హబీబ్ కొట్టినదే.

ఆ కాలపు కలకత్తాలో ప్రతి సంవత్సరము ట్రాన్స్‌ఫరు దినములు వచ్చెడివి. ఆటగాడు స్వయముగ ఐ.ఎఫ్.ఏ. కచేరీకి పోయి సంతకము చేయవలెను. ఆ సంతకము పడువరకు ఎవనిని ఎవరు ఎత్తుకొనిపోవుదురో తెలియదు. క్లబ్బుల మనుష్యులు ఆటగాండ్రను రహస్యపు ఇండ్లలో దాచియుంచి, సమయమునకు కచేరీ వాకిట దింపుచుండిరని ఆ నగరపు పెద్దలు నేటికిని కథలుగ చెప్పుకొందురు. వారు ఏజెంట్లు కారు. ఆటగాని వలన కమీషను పుచ్చుకొనువారును కారు. క్లబ్బు భక్తులు. అయినను ఆటగానికిని క్లబ్బునకును నడుమ నిలిచి, ఎవడు ఎచట ఆడవలెనో నిర్ణయించిన మొదటి మధ్యవర్తులు వారే. వారు క్లబ్బు మేలు కోరిరి గాని ఆటగాని మేలు కోరుట వారి విధి కాదు. ఆటగాని పక్షమున కూర్చుండువాడు ఆ గదిలో నొక్కడును లేడు. తీసికొనిపోబడిన ఆటగాని వలన కలకత్తాకు కప్పులు వచ్చెను. అతనిని పెంచిన హైదరాబాదు మైదానములు మాత్రము క్రమముగ వెలవెలబోయెను.

ఇటీవలి కాలమున కూడ ఆ త్రోవ మూతపడలేదు. 2019లో ఏర్పడిన హైదరాబాదు క్లబ్బు 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగు కప్పు గెలిచెను. అంతకు ముందే, 2021లో, ఆ క్లబ్బున మెరసిన లిస్టన్ కొలాసో అను గోవా యువకుని కలకత్తా మోహన్ బగాన్ తీసికొనెను. వెల సుమారు 1 కోటి రూపాయలని పత్రికలు వ్రాసినవి. తరువాత 2023-24 సంవత్సరమున జీతములు బకాయి పడగా పలువురు ఆటగాండ్రు హైదరాబాదు క్లబ్బును విడిచిపోయిరి. కప్పు గెలిచిన జట్టు రెండేండ్లలో చెదరిపోయెను. కరారు కాగితముపై నున్న అంకె వేరు, చేతికి వచ్చు జీతము వేరు అను పాఠము దీనివలన మనకు తెలియుచున్నది.

ధనికులైన క్లబ్బులపై ఏజెంటు బలము

ధనముగల క్లబ్బు ఏజెంటు మాట వినవలసిన అగత్యమేమి యని మీరు అడుగవచ్చును. దానికి నాలుగు కారణములు కలవు.

మొదటిది ఎరుక. ఏ ఆటగాని కరారు ఎప్పుడు ముగియును, ఎవడు అసంతృప్తుడై యున్నాడు, ఎవనికి ఎంత జీతము వచ్చుచున్నది అను సంగతులు ఏజెంటునకు తెలియును. బజారులో ధర తెలిసినవాడే బేరమున గెలుచును. బాదేపల్లి గంజులో అడ్తీదారునకు ధాన్యపు ధర తెలిసినట్లు రైతునకు తెలియకపోవుటయే ఇందుకు సామ్యము.

రెండవది చుట్టరికము. ఒక ఏజెంటు చేతిలో అనేకులైన ఆటగాండ్రును, శిక్షకులును ఉందురు. ఒక శిక్షకుని క్లబ్బున ప్రవేశపెట్టినచో, వాని వెంట తన ఆటగాండ్రును ప్రవేశపెట్టుట సులభము. 2016లో చీనా దేశపు వర్తక సంస్థ యొకటి ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ క్లబ్బును కొనెను. పోర్చుగల్ దేశపు ప్రసిద్ధ ఏజెంటు జార్జ్ మెండెష్ ఆ యజమానులకు సలహాదారుగ నుండెను. అతని పక్షమువాడైన నూనో శిక్షకుడుగ వచ్చెను. వెంట పోర్చుగీసు ఆటగాండ్రును వచ్చిరి. ఇతర క్లబ్బులు మొరపెట్టగా, 2018లో లీగు అధికారులు విచారించి నియమోల్లంఘనము లేదని చెప్పిరి. ఆ జట్టు ఆ సంవత్సరమే గెలిచి పై తరగతికి ఎక్కెను. కావున ఇట్టి చుట్టరికము క్లబ్బునకు ఎల్లప్పుడు నష్టమే యని చెప్పరాదు. కాని యెవనిని కొనవలెనో నిర్ణయించునది క్లబ్బా, ఏజెంటా యను ప్రశ్న మాత్రము నిలిచియుండును.

మూడవది కదలిక. ఆటగాడు ఒకే చోట స్థిరముగ నున్నచో ఏజెంటునకు వచ్చునది తక్కువ. అతడు మారినప్పుడెల్ల రుసుము వచ్చును. కావున కొందరు ఏజెంట్లకు ఆటగాని కాళ్ళు ఎచటను నిలువకుండుటయే లాభము. మొలకను ఏటేట పెరికి వేరొక చోట నాటినచో ఎట్లు కాయును? ఇరువది యేండ్ల బాలుడు మూడేండ్లలో మూడు క్లబ్బులు మారి, ఎచటను ఆడక, బల్లపై కూర్చుండిపోయిన ఉదాహరణములు ఎన్నియో కలవు.

నాలుగవది రెండు వైపుల కొలువు. పాల్ పోగ్బా అను ఫ్రెంచి ఆటగాడు 2012లో కొద్దిపాటి పరిహారముతో మాంచెస్టర్ యునైటెడ్ విడిచి ఇటలీలోని యువెంటస్ క్లబ్బునకు పోయెను. నాలుగేండ్ల తరువాత, 2016లో, ఆ మాంచెస్టరువారే అతనిని 10 కోట్ల 50 లక్షల యూరోలిచ్చి తిరిగి తెచ్చుకొనిరి. అతని ఏజెంటు మినో రయోలా. ఆ వ్యవహారమున రయోలాకు ముట్టవలసినది సుమారు 4 కోట్ల 90 లక్షల యూరోలనియు, ఆటగాని నుండియు, విడిచిన క్లబ్బు నుండియు, కొన్న క్లబ్బు నుండియు, మూడు వైపుల నుండి అది రావలసి యుండెననియు 2017లో వెలువడిన పత్రములను బట్టి వార్తాపత్రికలు ప్రచురించినవి. 2022లో పోగ్బా కరారు ముగిసి, ఏ వెలయు లేకుండ మరల ఇటలీకే పోయెను. ధనికుడైన కొనుగోలుదారు తన యింటి వస్తువునే ఎంత వెలకు కొనవలసి వచ్చెనో చూడుడు.

ఇద్దరు యజమానులను సేవింపబోయిన సేవకుని గూర్చి ప్రభువు చెప్పిన మాట మన బాలురకు కంఠస్థమే. అమ్మువాని పక్షమున ధర పెంచవలెను, కొనువాని పక్షమున తగ్గింపవలెను, ఆటగాని పక్షమున జీతము చూడవలెను. ఈ మూడు పనులును ఒక్క మనస్సుతో చేయుట ఎట్లు?

ఫిఫా విధించిన నియమములు

లోకమందలి ఫుట్‌బాల్ సంఘములకు పెద్దయైన ఫిఫా, 1990వ దశాబ్దమున ఏజెంట్లకు లైసెన్సు పద్ధతి పెట్టెను. 2015లో దానిని విడిచి, ఎవరైనను మధ్యవర్తిగ నుండవచ్చునని సడలించెను. ఆ సడలింపు వలన కలవరము పెరుగగా 2022 డిసెంబరులో క్రొత్త నియమములు చేసి, 2023 జనవరి నుండి అమలునకు తెచ్చెను. వాని ప్రకారము ఏజెంటు కాగోరువాడు పరీక్ష వ్రాయవలెను. 20 ప్రశ్నలకు నూటికి 75 వంతులైనను మార్కులు రావలెను. మొదటి పరీక్ష 2023 ఏప్రిల్ 19న జరిగెను. ఆటగానితో ఏజెంటు చేసికొను కరారు రెండేండ్లకు మించరాదు. తనంతట తాను పొడిగింపబడరాదు.

రుసుమునకు కూడ పరిమితి పెట్టిరి. ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు జీతముగల ఆటగాని వద్ద నూటికి 5 వంతులు. అంతకు మించినదానిపై 3 వంతులు. విడిచిపెట్టు క్లబ్బు పక్షమున నున్నచో వెలలో నూటికి 10 వంతులు. విడిచిపెట్టు క్లబ్బునకును ఆటగానికిని ఒకే వ్యవహారమున ఒకే ఏజెంటు ఉండరాదని నిషేధించిరి. కాని ఏజెంట్లు ఊరకుండలేదు. జర్మనీలోని డోర్ట్‌మండ్ న్యాయస్థానము 2023 మే నెలలో నిలుపుదల ఉత్తరువిచ్చెను. ఇంగ్లండులోని మధ్యవర్తిత్వ సభ ఆ పరిమితి వర్తక పోటీ చట్టమునకు విరుద్ధమని అదే సంవత్సరము నవంబరులో తేల్చెను. 2023 డిసెంబరు 30న ఫిఫా, ఐరోపా న్యాయస్థానపు తుది తీర్పు వచ్చువరకు, రుసుము పరిమితిని ఇతర నియమములు కొన్నింటితో గూడ లోకమంతట నిలిపివేసెను. ఆ 2023వ సంవత్సరమున దేశాంతర ట్రాన్స్‌ఫరులలో క్లబ్బులు ఏజెంట్లకు చెల్లించిన మొత్తము 88 కోట్ల డాలర్లకు మించెనని ఫిఫాయే ప్రకటించెను. ఇంత సొమ్ము గలవారితో కొట్లాట సులభము కాదు.

అయినను బాలురను గూర్చిన నియమములను నిలిపివేయలేదు. బాలుడు తన దేశ చట్టము ప్రకారము మొదటి వృత్తి కరారు చేయదగిన వయస్సునకు ఆరు నెలల ముందుగ గాని ఏజెంటు వానిని సమీపింపరాదు. అప్పుడును తల్లిదండ్రులో సంరక్షకులో వ్రాతమూలముగ సమ్మతింపవలెను. పదునెనిమిదేండ్లు నిండని బాలుని, కొన్ని ప్రత్యేక సందర్భములలో తప్ప, పరదేశపు క్లబ్బు నమోదు చేసికొనరాదు. మన దేశమున 1872 నాటి ఒడంబడికల చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివాడు చేసిన ఒడంబడిక చెల్లదు. 1903లో ప్రీవీ కౌన్సిలు ఆ సంగతిని తేల్చి చెప్పెను.

మరియొక మంచి నియమమును గూర్చియు చెప్పవలెను. ఆటగానికి దేశాంతర క్లబ్బుల నడుమ వెల పలికినప్పుడు, దానిలో నూటికి 5 వంతులు, 12వ యేడు మొదలు 23వ యేటి వరకు వానిని పెంచిన క్లబ్బులకు పంచియీయవలెను. 12 మొదలు 15 వరకు ఏడాదికి నూటికి పావు వంతు. 16 మొదలు 23 వరకు ఏడాదికి అర వంతు. ఒక చిన్న క్లబ్బు బాలుని 12 నుండి 15 వరకు నాలుగేండ్లు పెంచినచో, 10 లక్షల వెలలో దానికి 10 వేలు రావలెను. కాని ఆ బాలుని పేరు సంఘపు దస్తరములో నమోదై యుండవలెను. నమోదు లేనిదే హక్కు లేదు. పెంచినవాని కష్టమునకు కూడ వెల గలదని ఒప్పుకొన్న నియమమిది. రహీమ్ గారి కాలమున ఇది లేదు.

గుంపు మేస్త్రీ పాఠము

తల్లిదండ్రులారా, ఈ నియమములన్నియు మీకు క్రొత్తగ తోచవచ్చును గాని వీని సారము పాలమూరువారికి తెలియనిది కాదు. మన జిల్లా కూలీలు దేశము నలుమూలల ఆనకట్టలు కట్టిరి, కాలువలు త్రవ్విరి. వారిని తీసికొనిపోవువాడు గుంపు మేస్త్రీ. పండుగ దినములలో చేతిలో అడ్వాన్సు పెట్టును. ఆ అడ్వాన్సు వానిని ఏడాది పొడుగునను కట్టివేయును. మంచి మేస్త్రీ జబ్బు చేసినప్పుడు మందిప్పించును, లెక్క తేల్చి ఇంటికి పంపును. చెడ్డ మేస్త్రీ కంట్రాక్టరు వద్ద ఒక లెక్కయు కూలీ వద్ద మరియొక లెక్కయు చెప్పును. ఊరు విడిచిన తరువాత అడుగుటకు దిక్కుండదు. ఆటగాని ఏజెంటు సూటు తొడిగిన గుంపు మేస్త్రీయే. మేస్త్రీని అడుగవలసిన ప్రశ్నలే వానిని కూడ అడుగవలెను.

ఒకటి: నీ లైసెన్సు ఎచట? ఫిఫా లైసెన్సు గల ఏజెంట్ల పట్టిక బహిరంగముగ నున్నది. పేరు చెప్పినచో చూడవచ్చును. రెండు: నీవు ఎవరి పక్షము? క్లబ్బు నుండియు సొమ్ము పుచ్చుకొనుచున్నావా? మూడు: సొమ్ము ఎవరు, ఎప్పుడు ఇత్తురు? న్యాయమైన ఏజెంటునకు ఆటగాడు సంపాదించిన తరువాత అందులో నుండి భాగము వచ్చును. సంపాదింపక మునుపే తండ్రి వద్ద సొమ్మడుగువాడు ఏజెంటు కాడు. నాలుగు: కరారు ఎన్నాళ్ళు, ఎట్లు ముగియును? యాకోబు లాబాను ఇంట ఇరువది యేండ్లు కొలువు చేయగా అతని జీతము పలుమారులు మార్చబడిన కథ మీరు ఆదికాండమున చదివియున్నారు. మామయైనను జీతపు మాట స్పష్టముగ నుండవలెను.

ఇక ఆ కాగితము తెచ్చిన తండ్రి కథ. నేను ఈ ప్రశ్నలనే ఒక ఉత్తరమున వ్రాసి, పాఠశాల పేరిట వారికి పంపితిని. ఆ క్లబ్బునకు కూడ విడిగ వ్రాసితిని. క్లబ్బువారు వెంటనే జవాబిచ్చిరి: తాము అట్టి పరీక్ష ఏదియు పెట్టలేదనియు, పరీక్షలకు సొమ్ము పుచ్చుకొనమనియు. మొదటి ఉత్తరమునకు జవాబు రాలేదు, టెలిఫోను మూగబోయెను. తండ్రి అప్పు తీసికొనలేదు. ప్రత్తి సొమ్ము మిగిలెను. కాని బాలుడు నెల దినములు నాతో మాటాడలేదు. పంతులే తన త్రోవకు అడ్డు వచ్చెనని వాని మనస్సున నుండెను. నేను వానిని తప్పుపట్టలేదు. పదునైదేండ్ల వయస్సున గొప్ప క్లబ్బు పేరు చెవిని పడినచో నాకును అట్లే యుండియుండును. తరువాత ఒక సాయంకాలము మైదానమున బంతిని నా వైపు తన్ని నవ్వెను. అదియే మా సంధి. ఇప్పుడు జిల్లా లీగున ఒక చిన్న క్లబ్బు పక్షమున ఆడుచున్నాడు. పేరు నమోదై యున్నది. పుట్టిన తేదీ సరిగ వ్రాయబడియున్నది.

ప్రియ విద్యార్థులారా, మీలో ఎవరైనను గొప్ప ఆటగాండ్రగుదురేమో నేనెరుగను. అగుదురు గాక! రహీమ్ గారు బడిపంతులుగ నుండి జట్టును తీర్చిరి. బలరాం అమ్ముగూడ నుండి ఒలింపిక్ మైదానమునకు పోయెను. అట్టి త్రోవ మీకును తెరచియున్నది. ఆ త్రోవలో నడుమ నిలుచువాడొకడు ఎదురగును. వానిని చూచి పారిపోవలదు, వాని కాళ్ళపై పడవలదు. వాని యెదుట కూర్చుండి కాగితము చదువుడు. చదువుటకు కావలసిన అక్షరములును, లెక్క వేయుటకు కావలసిన నూటికి ఇన్నియను గణితమును మీరు ఈ బడిలోనే నేర్చుచున్నారు. ఎద్దుకు నోరు లేదు. మీకు నోరు గలదు, చదువు గలదు. తువాలు ఎత్తి, వ్రేళ్ళు చూపుమని అడుగుడు.